బోణీ బేరానికొచ్చిన కమోడు

మా అవ్వతో నేను ఓడిపోయిన బేరాల్లో అన్నిటికన్నా పెద్దది ఒక గ్లాసు మంచినీళ్ల గురించి. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, ఆమె హిందూపురంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. రోజుకు ఇన్ని నీళ్లు తాగాలని డాక్టరు సీసా మీద పెన్నుతో గీత గీసి పోయాడు. నేను గ్లాసు నింపి పట్టుకున్నాను.

"రెండు గుక్కలు," అంది అవ్వ.

"గ్లాసు నిండా తాగల్లన్నాడు డాక్టరు."

"మూడు."

"సగం గ్లాసన్నా తాగవ్వా."

"మూడు గుక్కలు. నాలుగోది అడిగినావంటే ఆ మూడూ లేవు."

మూడే తాగింది. అందులో మూడోది పెదవులు తడుపుకుని వదిలేసింది. తూకంలో తరుగు తీసినట్టు.

నేను అంగడి వాళ్ల ఇంట్లో పుట్టాను. హిందూపురంలో మాది చిల్లర సామాన్ల అంగడి. తాత పోయాక అవ్వ నడిపింది, ఆమె చేతుల్లోంచి నాయన తీసుకున్నాడు. నన్నిచ్చింది ధర్మవరం. మా ఆయన జాకెట్టు గుడ్డలు అమ్ముతాడు. నేను వీధి మలుపు తిరగ్గానే దుకాణాల వాళ్లు ఫ్యాను స్పీడు పెంచుకుంటారని అంటాడు ఆయన. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే కానీ, ఒట్టి అబద్ధం కాదు. అలాంటి నేను ఎనభై దాటిన మనిషితో గుక్క నీళ్ల దగ్గర ఓడిపోయాను.

నర్సు అటు పోయాక అవ్వ అసలు సంగతి చెప్పింది.

"తాగితే పోవల్ల మే. పోవల్లంటే ఎవురో ఒకరు ఎత్తల్ల. ఈడంటే ఈ పాపలుండారు. ఇంటికి పోయినాక ఎవురెత్తుతారు? మీ నాయనా?"

మా ఇంట్లో లెట్రిన్ పెరటి చివర, నాలుగు మెట్లు దిగి పోవాలి. నేల మీద గొంతుక్కూర్చునే రకం. అవ్వ జారిపడింది కూడా ఆ మెట్ల మీదే. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదని డాక్టరు చెప్పేశాడు. అవ్వ ఆ మాట విని, లెక్క వేసుకుని, నీళ్లు మానేసింది. ఆమెకు అది కొత్తా కాదు. మా ఊళ్లో కుళాయి వచ్చిన రోజు పండగ, రాని రోజులు ఎన్నో ఎవరూ చెప్పలేరు. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెల నీళ్లు చెట్లకు వాడిన మనిషి ఆమె. నీళ్ల పొదుపంటే ఆమె ఉద్దేశంలో లోపలికి పోయేవీ బయటికి పోయేవీ రెండూ తగ్గించడం.

డాక్టరు నాయనను, నన్ను పక్కకు పిలిచాడు. నీళ్లు తాగక అప్పటికే ఒంట్లో ఇన్‌ఫెక్షన్ మొదలైందట. "ఎముక అతుక్కుంటుంది. ఈమె ఇట్లే తాగకపోతే అతుక్కుని లాభం లేదు. మళ్లీ ఈడికే తెస్తారు, అప్పుడు నేను చేసేదేమీ ఉండదు," అన్నాడు. ఐదు రోజుల్లో ఇంటికి పంపుతానన్నాడు.

కాబట్టి ఐదు రోజుల్లో ఇంటి లోపల, మెట్లు లేని చోట, కుర్చీ మాదిరి కూర్చునే కమోడు పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. మా ఇంట్లో ఖాళీ అనేది లేదు. మంచాల కింద కందిపప్పు, దేవుడి అరమర కింద సబ్బులు, మెట్ల కింద ఉప్పు. చివరికి అంగడి వెనకున్న చిన్న సామాన్ల గదే మిగిలింది. దాని ఒక గోడ అవతల సందు, సందులో సెప్టిక్ ట్యాంకు పైపు. దానికి ఎదురుగోడలో అంగడిలోకి తలుపు. నాయన ఆ గదిలోని బెల్లం బుట్టలు ఒక్కొక్కటే బయటికి తెచ్చుకుంటుంటే చూశాను. నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు కూడా ఆయన ముఖం అంత వాడిపోలేదు.

ఆయన ఒక్క షరతు పెట్టాడు. "గిరాకీలకు తెలీకూడదు. బియ్యం బస్తాల పక్కన అది ఉండాదని తెలిస్తే ఎవురు కొంటారు? ఎవురన్నా అడిగితే స్టాకు రూమని చెప్పండి."

అగళి వైపు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. గదిలో ఎడమగోడ వారగా నేల పగలగొట్టి, పైపు నేలలోకి దించాడు. కమోడు అడ్డంగా వస్తుందని, తలుపు తెరిచినా అంగడిలోకి కనపడదని నాయనకు చేత్తో చూపించాడు. నాకు చెప్పింది ఒకటే: "కమోడు తెచ్చేయక్కా, మిగతాది నేను చూసుకుంటా."

హిందూపురంలో కమోడ్లు లేక కాదు, బేరం చేసే అవకాశం వదులుకోలేక, ధర్మవరంలో నేను తెస్తానన్నాను.

బోణీ సంగతి తెలియని వాళ్లుండరు. దాన్ని ఆయుధంగా వాడేవాళ్లే తక్కువ. షట్టరు ఎత్తాక వచ్చిన మొదటి గిరాకీ ఉత్త చేతులతో పోతే ఆ రోజు ముణిగినట్టే అనుకునే ఇంట్లో పెరిగాను కాబట్టి, ఆ భయం ఎంత లోతుగా ఉంటుందో నాకు తెలుసు. పెద్ద సామాను కొనాలంటే నేను స్నానం చేసి, షట్టర్లు లేచే వేళకు వీధిలో ఉంటాను.

శానిటరీ సామాన్ల దుకాణం ఆయన అప్పుడే ఊదుబత్తి వెలిగించి దేవుడి పటాల చుట్టూ తిప్పుతున్నాడు. నన్ను చూసి ఆ ఊదుబత్తి ఇంకో రెండు సార్లు తిప్పాడు.

"అక్కా, మీరు పదిగంటలకు రాగూడదా?"

"పదికి నాకు పనుండాదన్నా. కమోడు చూపించు. మా అవ్వకు."

ఆయన ఒక ధర చెప్పాడు. నేను అందులో సగం చెప్పాను. ఆయన పటాల వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి ఒక మెట్టు దిగాను. ఈ విద్యలో మెట్టు దిగడం ముఖ్యం. ఒకటే దిగాలి. రెండు దిగితే మళ్లీ ఎక్కడానికి మనకే సిగ్గుగా ఉంటుంది.

"రాండక్కా, బోణీ చేసి పోండి," అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. మా నాయనది కూడా అలాగే నీరసపడేది.

మూత కలిపించాను. మరలు కలిపించాను. ఫ్లష్ ట్యాంకు, కడిగే బ్రష్షు, ఒక ప్లాస్టిక్ మగ్గు కలిపించాను. మగ్గు రంగు కూడా మార్పించాను. అన్నీ అయ్యాక ఆయన అడిగాడు.

"అక్కా, మీకు బొక్క కింద ఉండేదా, ఎనక ఉండేదా?"

అంగడి వాళ్లు ఆఖర్న అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. అందులో ఒకటి ఖరీదైనది ఉంటుంది, దాన్ని అంటగట్టడానికే అడుగుతారు. నేను నవ్వాను.

"రెండిట్లో ఏది తక్కువైతే అదియ్యన్నా."

వెనక బొక్క ఉన్నది ఇచ్చాడు. ఎత్తించేటప్పుడు ఆయన ముఖంలో ఏదో జాలి కనిపించింది. బేరంలో గెలిచిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖాన అది కనిపిస్తుంది కాబట్టి పట్టించుకోలేదు.

మా ఆయన దానికి గోనెపట్టా చుట్టి, తాడు కట్టి, ప్యాసింజరు బండిలో ఎక్కించి, అంగడి తెరవాలని వెళ్లిపోయాడు. తలుపు పక్కన దాన్ని పెట్టుకుని నిలబడ్డాను. పెనుకొండలో జనం తోసుకుంటూ ఎక్కారు. వాళ్లలో ఒక ముసలామె, తల నిండా కొంగు, చేతిలో దర్గా నుంచి తెచ్చిన పూల పొట్లం. సీట్ల వైపు ఒకసారి చూసింది, నా గోనెమూట వైపు ఒకసారి చూసింది.

"కుచ్చోవచ్చా మ్మా దీని మీద?"

"కుచ్చోవ్వా. కుచ్చోడానికే చేసినారు."

ఆమె నింపాదిగా కూర్చుని, నడుము సర్దుకుని, కాళ్లు చాపింది. "బాగుండాది. సీటు కన్నా ఇదే మేలు. ఏం మెషీనిది?"

చెప్పకపోతే పాపమనిపించి చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు ఆమె లేచిపోతుందని చోటిచ్చారు. ఆమె లేవలేదు.

"ఇంకా మొదులుపెట్టలేదు కదా," అంది. దాని పక్కలు చేత్తో తడిమింది. "మా ఇంట్లో మిద్దె మీదుండాది మ్మా, ఎనిమిది మెట్లు. మోకాళ్లు రావు. పెనుకొండకొచ్చే దినమైతే పొద్దన్నుంచి నీళ్లు ముట్టను. నువ్వు తాగినావా ఈ పొద్దు?"

తాగలేదు. ప్రయాణమంటే నేనూ తాగను. నా ఆడబిడ్డ తాగదు, మా అత్త తాగేది కాదు. బ్యాగులో నీళ్ల సీసా పెట్టుకుని, దాన్ని నిండుగా తీసుకెళ్లి నిండుగానే తెచ్చుకునే ఆడవాళ్లం మేము. అవ్వకు గ్లాసు పట్టుకుని నీతులు చెప్పిన మనిషిని నేనే. ఆ ముసలామెకు సీసా తీసిచ్చాను. ఆమె దాని వైపు చూసి, "హిందూపురం రానీ," అంది.

దిగేటప్పుడు కమోడును రెండు చేతులతో తట్టి దీవించి పోయింది.

మేస్త్రీ గోనెపట్టా విప్పాడు. ముందు నుంచి చూశాడు. వెనక్కిపోయి చూశాడు. వంగి కిందికి చూశాడు.

"దీనికి బొక్క ఎనక ఉండాది కదక్కా. నేను పైపు కింద తీసిండాను."

"అయితే ఏమప్పా, నువ్వే కదా మిగతాది చూసుకుంటానంటివి."

"చూస్తాండా కదక్కా. ఎంత చూసినా ఎనకే ఉండాది."

వంకర పైపొకటి వేస్తే కుదురుతుందని, అలా వేస్తే కమోడు గది మధ్యకు వస్తుందని, అప్పుడు మనిషి లోపలికి పోవడానికి చోటుండదని చెప్పాడు. నేను ధర్మవరం ఫోను చేశాను.

"మారుస్తానక్కా, వేరే సరుకైతే," అన్నాడు దుకాణం ఆయన. "అది బోణీ సరుకు. బోణీ సరుకు ఎనక్కి తీసుకుంటే నా అంగడి ఏం గావల్ల? మీరు అంగడోళ్లే, మీరే చెప్పండి."

నేను ఫోను నాయనకిచ్చాను. అంగడి వాళ్లూ అంగడి వాళ్లూ మాట్లాడుకుంటే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను. నాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తర్వాత వినడం మొదలుపెట్టాడు. "అవునప్పా... అవునవును... నేనైనా అంతే... మా పాపకు ఆ మాత్రం తెలీదా..." కొంచెం సేపటికి మాట చింతపండు మీదికి పోయింది. దుకాణం ఆయన బావమరిది ఒకప్పుడు మాకు ఉప్పు వేసేవాడని తేలింది. ఇద్దరూ ఒకరినొకరు ఇంటికి రమ్మనుకున్నారు. నాయన ఫోను తిరిగిచ్చాడు.

"ఆయప్ప చెప్పేది సరిగ్గానే ఉండాది మే. బోణీ సరుకు ఎట్ల వాపసు తీసుకుంటాడు?"

"నువ్వు యా పక్క నాయనా?"

"న్యాయం పక్క."

అవ్వ ఇంటికి రావడానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి. ఇంకో కమోడు కొంటే ముందు కొన్నదాన్ని ఏం చెయ్యాలన్న దగ్గర నాయన, నేను ఇద్దరం ఆగిపోయాం. మా ఇంట్లో ఒక వస్తువును వృథా చెయ్యడమంటే మనిషిని పోగొట్టుకున్నంత. మేస్త్రీయే మార్గం చెప్పాడు. కమోడు వీపు సందు వైపు గోడకు ఆనించేస్తే, వెనక బొక్క నేరుగా బయటి పైపులోకి పోతుంది. నేలలో తీసిన పైపు పూడ్చేస్తాడు.

"అట్ల పెడితే మొగం యా పక్కొస్తుంది?" అడిగాడు నాయన.

మేస్త్రీ చెయ్యి ఎత్తి చూపించాడు. నేరుగా అంగడిలోకి, గల్లాపెట్టె మీదికి.

"తలుపేసుకుంటాం కదా," అన్నాను నేను.

పెట్టి చూశాం. ఆపరేషన్ చేసిన కాలు చాపుకునే కూర్చోవాలని డాక్టరు చెప్పాడు కాబట్టి, మేస్త్రీ నాయనను దాని మీద కూర్చోబెట్టి, అవ్వ మాదిరి కుడికాలు చాపమన్నాడు. పంచె సర్దుకుని నాయన కాలు చాపాడు. పాదం గడప దాటి అంగడిలోకి వచ్చింది. తలుపు వెయ్యబోతే మడమకు తగిలింది. ముగ్గురం ఆ మడమ వైపు చూస్తుండగా, అరకేజీ చక్కెర కోసం ఒకాయన వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు. ఎదురుగా మా నాయన, కమోడు మీద, కాలు చాపుకుని.

నాయన గిరాకీని వదులుకునే మనిషి కాదు. "ఏం గావల్లప్పా?" అన్నాడు కూర్చునే.

"పర్వాలేదన్నా, నువ్వు కానిచ్చుకో. నేను మళ్లొస్తా," అన్నాడు ఆయన.

తలుపు ఊడదీసి, దాని బదులు తెర కట్టాం. గుడ్డ మా ఆయన పంపాడు. రంగు అచ్చుతప్పడంతో అమ్ముడుపోని చిలకాకుపచ్చ. ఫ్లష్ ట్యాంకుకు పైపు పెట్టే పని మాత్రం ఆగిపోయింది. ఒక్క నొక్కుకు ఎన్ని నీళ్లు పోతాయో మేస్త్రీ బకెట్టులో పట్టి చూపించేసరికి, కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో అంత నీళ్లు ఒక్క నొక్కుకు వదలడం నాయన వల్ల కాలేదు. గుడ్డలు జాడించిన నీళ్లు బకెట్టుతో పోస్తే చాలన్నాడు. ట్యాంకు ఖాళీగా ఉండిపోయింది. మర్నాడు మూత తీసి చూస్తే అందులో ఊదుబత్తి కట్టలున్నాయి. తడి తగలని చోటని నాయన సమర్థించుకున్నాడు.

అవ్వ వచ్చింది. వాకరు పట్టుకుని తెర పక్కకు తీసి చూసింది.

"ఇంత తెల్లగా ఉండాది. దీంట్లోనా?"

"దాంట్లోనే అవ్వా."

"మనం తినే గిన్నెలు ఇంత తెల్లగుండవు కదే," అని వెనక్కి తిరిగి మంచం మీదికి పోయింది. ఆ రోజంతా అంతే. గుక్కల బేరం మళ్లీ మొదటికొచ్చింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం మాత్రతో ఒకటి. సీసా మీది గీత దగ్గరికి నీళ్లు దిగనే లేదు. సాయంత్రానికి ఆమె ఒళ్లు వెచ్చబడింది. నాయన ఆసుపత్రి కాగితాలున్న సంచి తీసి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు. గది కట్టించడం మన వల్ల అయింది, ఆమెను అందులో కూర్చోబెట్టడం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున తప్పనిసరై, నా భుజం పట్టుకుని, తెర వెనక కూర్చుంది. నేను ఇవతల నిలబడ్డాను. అంగడిలో ఒకామె చింతపండు బేరం చేస్తోంది. మా వీధి చివరామె. ఏ వస్తువైనా రెండుసార్లు తూకం వేయించే మనిషి.

"పోయిన తూరి దీనికన్నా తక్కువకే ఇస్తివి కదప్పా," అంటోంది.

నాయన నసుగుతున్నాడు. ఆయన ఇచ్చేయబోతున్నాడని ఆ నసుగుడులోనే తెలుస్తోంది. తెర వెనక నుంచి గొంతు వచ్చింది.

"పోయిన తూరి నువ్వు తీసుకునింది గింజలది మే. ఇది గింజ తీసింది. వాడు మెత్తనోడని ఆడుకుంటాండావా?"

వీధి చివరామె అటూ ఇటూ చూసింది.

"అవ్వా, ఎప్పుడొచ్చినావు ఆసుపత్రి నుంచి? యాడుండావు?"

"స్టాకు రూములో ఉండాది," అన్నాడు నాయన గబగబా.

"స్టాకు రూమేందిరా. దొడ్డికి కుచ్చున్నా," అంది అవ్వ.

నాయన తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వీధి చివరామె మాత్రం ఏమీ తొణకలేదు. "అట్లనా, నిదానంగా కానీ అవ్వా. అయితే చింతపండు సంగతి ఏమంటావు?" అని తెర వైపు తిరిగింది. తర్వాతి బేరమంతా తెరతోనే జరిగింది. నాయన మధ్యలో నిలబడి అటు చెప్పినదానికీ ఇటు చెప్పినదానికీ తలూపాడు. చివరికి అవ్వ చెప్పిన ధరకే ఆమె చింతపండు తీసుకుపోయింది.

తెర వెనక నుంచి వచ్చిన మనిషి ముఖం వేరుగా ఉంది. గల్లాపెట్టె కొడుక్కు అప్పగించాక ఎన్నో ఏళ్లుగా ఆమె అంగడిలోకి రావడం మానేసింది, రమ్మని మేమూ అనలేదు. మంచం మీద కూర్చుని అడిగింది: "మధ్యాన్నం జనమొస్తారా ఇప్పుడు?" రారు, సాయంత్రం వస్తారని చెప్పాను. తాగినవి ఎంతసేపటికి దిగుతాయో వేళ్ల మీద లెక్క వేసుకుంది. మూడింటికి గ్లాసు తానే అందుకుని ఆపకుండా తాగేసింది.

సంచి గుమ్మం దగ్గరే నాలుగు రోజులుంది. ఐదో రోజు నాయన దాన్ని తీసి, కాగితాలు బీరువాలో పెట్టి, సంచిలో ఎండుమిరపకాయలు పోశాడు.

అంగడికి నష్టం జరగలేదని చెప్పను. రెండు ఇళ్ల వాళ్లు మా దగ్గర బియ్యం కొనడం మానేశారు. నాయన బస్తాలన్నీ వీధి వైపుకు మార్చి, రోజుకు రెండుసార్లు ఫినాయిలు కొట్టిస్తున్నాడు. మిగతావాళ్లు తెలివి నేర్చారు. వచ్చి ముందు తెర వైపు చూస్తారు. పక్కకు కట్టి ఉందా, అవ్వ లేదన్నమాట, నాయనతో ఇష్టమొచ్చిన బేరం. దించి ఉందా, రేపొస్తామంటారు. అవ్వకు ఇది పసిగట్టడానికి వారం కూడా పట్టలేదు. అప్పటి నుంచి ఫలానా వేళకని లేకుండా తాగుతోంది. వచ్చేవాళ్లకు అంతు చిక్కకూడదని.

మొన్న నేను పోయినప్పుడు ఆమె మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. సీసా మీద గీత ఎప్పుడో చెరిగిపోయింది, దాంతో పనీ లేదు. తెర పక్కకు కట్టి ఉండటం చూసి, వీధి చివరామె సంచి ఊపుకుంటూ లోపలికొచ్చింది.

"పెసలు ఎట్లనప్పా?" అంది తీరిగ్గా.

అవ్వ కళ్లు తెరిచింది. "నీళ్లియ్యి మే," అంది గుసగుసగా. ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు చెయ్యి చాపి తీసుకుంది. మూతి తుడుచుకుని వాకరు లాక్కుంది.

అంగడిలో నాయన వీధి చివరామెకు కళ్లతో సైగ చేస్తున్నాడు, అవ్వ రాకముందే బిన్నా తీసుకుని పొమ్మని. ఆమెకు అర్థం కాలేదు. పెసలు చేతిలో పోసుకుని, నోట్లో ఒక గింజ వేసుకుని కొరుకుతూ ధర గురించి ఆలోచిస్తోంది. వాకరు చప్పుడు అప్పటికే నడవ దాటింది.